ప్లాటినము – మన సంతలోని తూకపురాయి

ప్లాటినమను మాట వినగానే మన పల్లెపెద్దలకు తోచునది పట్టణపు నగల దుకాణము. మనుమనికి సంబంధము కుదిరినప్పుడు పిల్లవైపువారు తెల్లని యుంగరమొకటి కోరిరని విని, “వెండికి ఇంత వెలయేల?” యని యాశ్చర్యపడిన పెద్దమనిషిని నేను గద్వాలలోనే చూచితిని. అది వెండి కాదు. దుకాణదారులు తెల్ల బంగారమని చెప్పు సరకును కాదు. తెల్ల బంగారమనగా నిజమైన బంగారములో వేఱు లోహములు కలిపి తెలుపెక్కించినది. ప్లాటినము తనంతట తానొక లోహము. మన పూర్వులు లెక్కించిన అష్టలోహములలో దానికి చోటు లేదు. తెలంగాణమున దాని గనియు లేదు. నేడు లోకమునకు వచ్చు ప్లాటినములో అధికభాగము దక్షిణాఫ్రికా గనులనుండి వచ్చుచున్నది.

అట్టి లోహముతో గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలవారికి పనియేమని మీరడుగవచ్చును. ఉంగరపు మాట విడువుడు. మీరు సంతలో కిలో చింతపండు కొన్నప్పుడెల్ల, మీ వడ్లు కాటాకెక్కినప్పుడెల్ల, అఱువది యేండ్లపాటు ఈ లోహమే చాటున నిలిచి సాక్ష్యము చెప్పినది. ఆ కథ నేడు మీకు వినిపింతును.

ముందుగా మన పాత తూకముల సంగతి. మనుధర్మశాస్త్రము ఎనిమిదవ అధ్యాయమున తూకమునకు మూలము త్రసరేణువని యున్నది. కిటికీగుండ వచ్చు ఎండపొడలో ఎగురుచు కనబడు నలుసే త్రసరేణువు. అవి ఎనిమిదైన ఒక లిక్ష, లిక్షలు మూడైన నల్ల యావగింజ, అవి మూడైన తెల్ల యావగింజ, అవి ఆఱైన యవగింజ, యవలు మూడైన గురిగింజ, గురిగింజలైదు మాషము, మాషములు పదునాఱు సువర్ణము. ఎండలోని నలుసును ఎవరు తూచిరని హాస్యమాడకుడు. శాస్త్రకారుడు కోరినది మనుష్యుని చేతిలో లేని మూలము. రాజు చేతిలోనిదైన రాజు మార్చును, వర్తకుని చేతిలోనిదైన వర్తకుడు మార్చును. కాని వ్యవహారమున కంసాలి త్రాసులో పడినది నలుసు కాదు, గురిగింజ. ఒక తీగ గింజ మఱియొక తీగ గింజతో సరిపడదు. ఎండినది వేఱు, పచ్చిది వేఱు.

గురిగింజ తరువాతి యాధారము నాణెము. తులమనగా రూపాయి యెత్తు. సేరనగా ఎనుబది తులములు. రూపాయి యొక్కటే యైనచో ఈ లెక్క చక్కగానే యుండును. మన సీమలో రూపాయి యెప్పుడొక్కటిగా నుండెను? పూర్వము గద్వాల సంస్థానమువారు తమ నాణెములు తాము ముద్రించుకొనిరి. వనపర్తివారి నాణెములు సుగూరు పేరిట వెలువడెను. నాగరుకర్నూలు దిక్కున కొంత జటప్రోలు సంస్థానము, కొంత నిజాము ప్రభుత్వపు నేరుపాలన. తరువాత అంతటను హైదరాబాదు సిక్కాయే నడచినది. అలంపురము వద్ద తుంగభద్ర దాటి కర్నూలు చేరినచో 1839 నుండి కుంపిణీ దొరతనము, కుంపిణీ రూపాయి. ఆంగ్లప్రభుత్వపు రూపాయి బరువు 11.66 గ్రాములు, ఉస్మానియా సిక్కా బరువు సుమారు 11.18 గ్రాములు. ఒక్కొక్క నాణెమున భేదము అర గ్రామునకును తక్కువయే. కాని ఎనుబది ఇటు, ఎనుబది అటు పెట్టి చూచినచో తేడా సుమారు 39 గ్రాములు తేలును. అనగా నూఱు సేర్ల సరకునకు నాలుగు సేర్లు ఏట కలిసినట్లే. ఏటికి ఈవలి వడ్లు ఆవలికి, ఆవలి బెల్లము ఈవలికి నడచుచుండగా ఆ నాలుగు సేర్లు ఎవరి యింటికి చేరెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మణుగను మాట చూడుడు. మదరాసు మణుగు ఎనిమిది వీసెలు, మన లెక్కలో 11 కిలోలపైన మూడువందల చిల్లర గ్రాములు. రైలుబండి కెక్కించు సరకునకు మణుగు నలుబది సేర్లు, 37 కిలోలకు మించినది. మాట యొకటే, మూట వేఱు. ఇక కొలపాత్రల సంగతి చెప్పబూనిన ప్రొద్దు చాలదు. కుంచము, మానిక, సోల, గిద్ద. వానిని గోపురముగా పోసి కొలుచుట యొక పద్ధతి, కఱ్ఱతో చదునుచేసి కొలుచుట యొక పద్ధతి. నాగుకు వడ్లిచ్చిన యింట ఇచ్చునప్పుడు చదును, తీసికొనునప్పుడు గోపురము. నాగుమీది వడ్డీ పత్రమున నుండును. ఈ గోపురము ఏ పత్రమునను లేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున తూకములను కొలతలను విచారించుటకు పౌతవాధ్యక్షుడను నొక యధికారి చెప్పబడెను. తూకపురాళ్లు ఇనుముతోనో, మగధ మేకల దేశముల రాతితోనో చేయవలెననియు, లేదా నీటివలనను పూతవలనను బరువు పెరుగనట్టియు, వేడివలన తఱుగనట్టియు వస్తువుతో చేయవలెననియు అచ్చట విధి. విద్యార్థిదశలో ఈ భాగము చదువునపుడు, పూతవలన బరువు పెరుగుటయేమని నాకు సందేహము కలుగలేదు. అంతకుముందే దానిని కన్నులార చూచియుంటిని.

నాకు పదియేండ్ల ప్రాయమున మా తండ్రి వేరుసెనగ బస్తాలు బండికెత్తుకొని సంతకు పోవుచు నన్నును వెంట గొనిపోయెను. ఒక దళారి తక్కెడ కట్టి తూచుచుండెను. ఇంట తూచి పోసికొన్న కాయలు అచ్చట బస్తాకు కిలోన్నర తక్కువ వచ్చుచుండెను. మా తండ్రి శాంతస్వభావుడు. ఇంటి తూకమే తప్పియుండునని యూరకొనెను. నేను పొట్టివాడను గనుక నా కన్ను తక్కెడ తట్టల అడుగున పడినది. రాళ్లు పెట్టు తట్టక్రింద నల్లని ముద్ద యొకటి యంటుకొనియుండెను. అది చింతపండు. నేను వ్రేలితో చూపితిని. దళారి నవ్వి, “పిల్లవాడు తెలివైనవాడు” అని నా తలనిమిరి, ముద్ద గీకివేసి, తూచిన బస్తాలను మాత్రము మరల తూచలేదు. కౌటిల్యుడు చెప్పిన పూత యదే. రెండువేల యేండ్లకును దాని పాకము మాఱలేదు.

నీటికి తుప్పుపట్టక, పూతను పట్టుకొనక, నిప్పునకు కరగక, అరుగక యుండు వస్తువేది? ఇనుము కాదు, అది తుప్పుపట్టును. రాయి నెఱ్ఱెలుబాఱి పెచ్చులూడును. వెండి నల్లబడును. బంగారము చెడదు గాని మెత్తన; పట్టుకొన్న వ్రేళ్లకే అరుగును. కౌటిల్యుడు కోరిన వస్తువు దొరకినది దక్షిణ అమెరికా నదుల యిసుకలో.

నేటి కొలంబియా దేశమునందలి చోకో సీమలో స్పెయినువారు బంగారమునకై యిసుక కడుగుచుండిరి. ఆ యిసుకలో పసుపురజనుతోపాటు తెల్లని గింజలును వచ్చుచుండెను. మూసలో నెంత యూదినను అవి కరగవు. బంగారము 1064 డిగ్రీల వేడికి కరగును. ప్లాటినము కరగుటకు 1768 డిగ్రీలు కావలెను. ఆ నాటి కంసాలి కొలిమికి అది సాధ్యము కాదు. విసిగిన పనివారు దానికి “చిన్న వెండి” యను నర్థమున ప్లాటినాయని చులకనగా పేరు పెట్టిరి. మఱియొక చిక్కును గలదు. నీటికంటె వెండి పదిన్నర రెట్లు బరువు, బంగారము 19 రెట్లకు పైబడి బరువు, ప్లాటినమో 21 రెట్లు మించినది. దొంగవాడు దీనిని లోపలనిడి పైన బంగారుపూత పూసినచో తక్కెడ పట్టజాలదు. అందుచేత దొరతనపువారు దానిని ఏఱించి నదులలో పాఱవేయించిరి. అంతకు శతాబ్దములకు ముందే నేటి ఈక్వడారు తీరపు ఆదిమజాతుల పనివారు ఆ గింజలకు బంగారపుపొడి చేర్చి, కాచి కొట్టి, కాచి కొట్టి, నగలు చేసిన సంగతి ఆ దొరలు విచారింపలేదు.

యూరపుఖండమున దీని ప్రశంస హెచ్చినది 1748 తరువాత. అంటోనియో డి ఉల్లోవాయను స్పెయిను నావికాధికారి తన దక్షిణ అమెరికా యాత్రను వర్ణించిన గ్రంథము ఆ యేట అచ్చుపడెను. అటుపిమ్మట పండితులు ఈ లోహమును పలువిధముల శోధించిరి. పారిసు నగరపు కంసాలి జానెటీ యనునాతడు దీనికి పాషాణము చేర్చి కరగించి, పిమ్మట కాచి కాచి ఆ పాషాణమును పొగరూపమున వెడలగొట్టి, లోహమును మెత్తన చేయు నుపాయమున నేర్పరియైనాడు. మన రసవైద్యులకు ఈ మర్మము క్రొత్తగా తోచదు. ఆ పొగ యెంతటి విషమో కూడ వారెఱుగుదురు.

ఆ కాలమున ఫ్రాన్సుదేశపు సంతలును మన సంతలవంటివే. ఊరికొక తూకము, జమీందారున కొక కొలత. విప్లవము వచ్చినప్పుడు ప్రజల మొఱలలో, “ఒకే తూకము కావలెను” అనునదియు నొకటి. పండితులు కూడి, ఒక లీటరు నిర్మలజలపు బరువు కిలోగ్రామని నిర్ణయించిరి. కాని నీటిని ఖజానాలో దాచుట యెట్లు? దానికి సరితూగు లోహపుముద్ద కావలెను. ఆ ముద్దను ప్లాటినముతో జానెటీయే చేసెను. 1799 జూను 22న అది ఫ్రాన్సుదేశపు దస్తావేజుల భాండారమున చేర్చబడెను. బంగారమును చెఱచు దొంగసరకని యేటిలో పాఱవేయబడిన లోహము ఇచ్చట తూకపుదొంగకు శత్రువై కూర్చుండెను.

అటుపై 1875 మే 20న పదునేడు రాజ్యములవారు పారిసులో ఒడంబడిక చేసికొనిరి. వట్టి ప్లాటినము కొంత మెత్తనగుటచే పదింట తొమ్మిది పాళ్లు ప్లాటినము, ఒక పాలు ఇరిడియమను కఠినలోహము చేర్చి క్రొత్త ముద్దలు పోసిరి. 1889లో అందొకటి మూలమై లోకమునకంతకు కిలోయెట్టిదో తేల్చు ప్రమాణమైనది. దాని యెత్తు 39 మిల్లీమీటర్లు, అడ్డమును అంతే; కుంకుమభరిణెకంటె పెద్దది కాదు. పారిసు చెంత సేవ్రు అనుచోట నేలమాళిగలో గాజుగంటలక్రింద దానినుంచిరి. ఆ మాళిగకు మూడు తాళపుచెవులు. మూడును ఒకరి చేతిలో నుండవు. గుడి నగలపెట్టె చెవులు అర్చకుని చేత నొకటి, ధర్మకర్త చేత నొకటి యుండుట మీరెఱుగని సంగతి కాదు.

భారతదేశము 1957లో ఆ యొడంబడికలో చేరినది. మనకు వచ్చిన ప్రతి 57వ సంఖ్య గలది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో దానిని భద్రపఱచిరి. అది ఎన్నడును సంతకు రాదు, ఎవరి చేతికిని తగులదు. దానితో సరిచూచిన తూకములు కొన్ని. వానితో సరిచూచినవి రాష్ట్రపు ప్రయోగశాలలకు. వానితో సరిచూచినవి తూనికలు కొలతల తనిఖీదారుని పెట్టెలోనికి. ఆ పెట్టెతో సరిచూచినవి వనపర్తి కిరాణా దుకాణపు గల్లాప్రక్క నిలుచు ఇనుపగుండ్లు. గురువునుండి శిష్యునకు, శిష్యునినుండి ప్రశిష్యునకు పాఠము దిగినట్లు తూకము దిగివచ్చును. ఇనుపగుండుమీద చిన్న గుంటలో సీసము పోసియుండును. ఆ సీసముమీద తనిఖీదారుని ముద్ర పడవలెను. సీసము లేని గుండు, ముద్ర లేని గుండు, ముద్రయుండియు తేదీ కడచిన గుండు చెల్లవు. రాజు తూకములను ఆఱు మాసముల కొకమాఱు పరీక్షింపవలెనని మనువు వ్రాసెను. నేటి నిబంధన గుండ్లకు రెండేండ్ల కొకమాఱు, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటేట. ఈ విషయమున మనువే కొంత కటువు.

క్రొత్త తూకము మన యూళ్లకు వచ్చిన తీరు చెప్పవలెను. 1956లో శాసనమైనది. 1957 ఏప్రిలు 1న నయాపైసలు వచ్చినవి. 1958 అక్టోబరునుండి కిలోలు కొన్నిచోట్ల మొదలై, 1962 ఏప్రిలు నాటికి దేశమంతట తప్పనిసరియైనవి. కిలోయనగా పాత లెక్కలో ఎనుబదియైదు తులములమీద ముప్పాతిక. సేరున కది అయిదు తులములకు పైగా పెద్దది. పల్లెలలో అయిదు తులముల లెక్క ఎవరికి తెలియును? సేరునకు చెప్పిన ధరకే కిలో లాగికొన్న కొనుగోలుదారులు ఆ రెండు మూడేండ్లు బాగుగా గడించిరని మా పెద్దలు చెప్పుచుండిరి. అమ్మునప్పుడు మాత్రము వారికి సేరే జ్ఞాపకముండెనట. నేను బడిపంతులనైన పిమ్మటను మా యూరి ముసలమ్మలు మానికలోనే బియ్యము కొలుచుచుండిరి. వారిని తప్పుపట్టను. మానిక వారి చేతిలోనిది, కిలో దుకాణమువాని చేతిలోనిది.

ఇంతకును ఆ ప్లాటినపుముద్ద నిజముగా మాఱలేదా యనినచో, మాఱినది. 1988 మొదలు 1992 వఱకు మూలమును దాని ప్రతులను ఎదురెదుర తూచి చూచిరి. నూఱేండ్లలో వానికిని మూలమునకును నడుమ సుమారు 50 మైక్రోగ్రాముల యెడము వచ్చియుండెను. కిలోను రెండు కోట్ల పాళ్లు చేసిన అందొక పాలు. దానివలన చింతపండు కొనువారికి నష్టము లేదు. పండితులకు మాత్రము నిద్ర పట్టలేదు. మూలమే తఱిగినదో, ప్రతులే పెరిగినవో చెప్పు త్రాసు లోకమున లేదు. ఏలయన ఆ మూలము ఎంత తూగినను అదియే కిలో. కావున 2018 నవంబరు 16న వెర్సాయి నగరమున కూడి, 2019 మే 20 మొదలు ఆ ముద్దను మూలపదవినుండి తొలగించిరి. ప్రకృతిలో మార్పులేని ప్లాంకు స్థిరాంకమను సంఖ్యనుండి, విద్యుద్బలముతో తూచు ఒక విధమైన త్రాసు మొదలగు సాధనములతో, కిలోను ఇప్పుడు సాధించుచున్నారు. మనుష్యుని చేతిలో లేని మూలము కావలెనను కోరిక మరల మొదటికి వచ్చినది. దీనిని చూపి మన శాస్త్రములలో అన్నియు ముందే యున్నవని చెప్పువారితో నేను కలియను. త్రసరేణువు వేఱు, ఇది వేఱు. కోరిక మాత్రమే యొకటి. ప్లాటినపుముద్దలు ప్రయోగశాలలలో నేటికిని తూకములుగా పనిచేయుచునే యున్నవి. పదవి పోయినను ఉద్యోగము పోలేదు.

ఈ లోహపు తక్కిన యుపయోగములను క్లుప్తముగ చెప్పెదను. కరగించుటకు బదులు పొడిచేసి, అదిమి, కాచి సాగగొట్టు విద్యను ఇంగ్లండున వొలాస్టనను పండితుడు సాధించి, చాలకాలము గుప్తముగానుంచి 1828లో బయటపెట్టెను. గంధకపు ద్రావకము కాచుటకు ప్లాటినపు బానలు ఆతని కాలముననే వచ్చినవి. అంతకంటె వింతయైనది దీని మఱియొక గుణము. పెండ్లి కుదుర్చు పెద్దవలె ఇది రెండు పదార్థములను కలిపి, తాను ఎవరి వైపునను చేరక వెనుకటివలెనే నిలుచును. 1902లో జర్మను పండితుడు ఓస్ట్వాల్డు పేరిట అనుమతిపత్రము పొందిన పద్ధతిలో అమోనియా వాయువును గాలితో కలిపి కాగిన ప్లాటినపు వలగుండ పంపినచో తుదకు నత్రికామ్లము లభించును. దానినుండియే కొన్ని ఎరువులును, బావి త్రవ్వునపుడు బండ పేల్చు మందులును తయారగుచున్నవి. మోటారుబండి పొగగొట్టములో విషవాయువుల నణచు పనియు ప్లాటినము, దాని తోబుట్టువులగు లోహములు చేయుచున్నవి; మన దేశమున 1995లో నాలుగు మహానగరముల క్రొత్త పెట్రోలు కార్లకు ఆ యమరిక విధింపబడెను.

ఔషధముగా దీని యుపయోగము యాదృచ్ఛికముగ తెలిసినది. 1965లో అమెరికా పండితుడు రోసెన్‌బర్గు సూక్ష్మజీవులున్న ద్రవములో ప్లాటినపు కడ్డీలుంచి విద్యుత్తు ప్రసరింపజేయగా అవి చీలి వృద్ధిపొందుట మానెను. విద్యుత్తు కాదు, కడ్డీలనుండి దిగిన ప్లాటినము కారణమని తేలినది. దాని ఫలముగా సిస్‌ప్లాటినను మందు 1978లో అమెరికా ప్రభుత్వపు అనుమతి పొందెను. చుట్టలు, గుట్కాలవలన మన పల్లెలలో ఎందఱికో నోటి పుండ్లు రాచపుండ్లుగా మాఱుచున్నవి. హైదరాబాదు వెళ్లి చికిత్స పొందువారిలో పలువురికి ఎక్కించు మందులలో ఇదియు నొకటి. మూత్రపిండములకు హాని చేయగల మందగుటచే నీరు విస్తారముగ ఎక్కించుచు వైద్యుడు కనిపెట్టియుండి యిచ్చును. ఉంగరములోని ప్లాటినమునకు ఈ గుణమేమియు లేదు. వైద్యమని చెప్పి ఎవరైన ప్లాటినపు కడియము అమ్మవచ్చినచో నమ్మకుడు.

మా యింట పాత రాతి సేరు ఒకటి గలదు. మా తాతగారి నాటిది. చాలకాలము అది తలుపు గాలికి కొట్టుకొనకుండ అడ్డుగా పనిచేసినది. ఈ ప్రసంగము వ్రాయబూనిన దినమున దానిని కడిగి, ఆరవేసి, మా యూరి దుకాణములోని ముద్రపడిన కాటామీద పెట్టించి చూచితిని. 905 గ్రాములు తూగెను. ఆంగ్లరూపాయి లెక్కన సేరు 933 గ్రాములుండవలెను. ఉస్మానియా సిక్కా లెక్కన 894. ఇది రెంటికిని కుదరదు. అంచులు చూచితిని, పెచ్చులూడిన గుఱుతు లేదు. మా తాతగారికి వ్యవసాయముతోపాటు కొంత ధాన్యపు వ్యాపారమును ఉండెను. ఈ రాతితో ఆయన కొనుచుండెనో, అమ్ముచుండెనో, నేనెన్నడును అడుగలేదు.